కందిరీగ కుట్టిందా? ముందు మనిషిని చూడండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పల్లె. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి నాలుగు. పోయిన నెల బాబు మామిడిచెట్టు కింద ఆడుకుంటుంటే కందిరీగలు చెంప మీద, కనుబొమ్మ దగ్గర కుట్టాయి. మా అత్తగారు వెంటనే సున్నం రాశారు. మర్నాటికి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. విషం తలకెక్కిందని పక్క ఊరు తీసుకెళ్ళి మంత్రం వేయించారు. మూడు రోజులకి తగ్గింది. మళ్ళీ కుడితే ప్రాణం మీదికి వస్తుందని అందరూ భయపెడుతున్నారు. పాపకేమో కాళ్ళ నిండా దోమకాట్లు, గోకి గోకి పుళ్ళు చేసుకుంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గుతుంది, మానేస్తే రెట్టింపవుతుంది. ఆశా దీదీ ఇచ్చిన దోమతెర కడితే ఒళ్ళు మంట అని పిల్లలు ఏడిస్తే తీసి పెట్టెలో పెట్టేశాను. ఇంట్లో ఏమేం మందులు ఉంచుకోవాలి? ఏది జరిగితే ఆసుపత్రికి పరిగెత్తాలి? వివరంగా చెప్పండి.
– గజపతి జిల్లా నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. కన్ను మూసుకుపోవడం చూస్తే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. కానీ అది విషం తలకెక్కడం కాదు. కంటి చుట్టూ చర్మం పల్చగా, వదులుగా ఉంటుంది. కనుబొమ్మ దగ్గర కుడితే వాపు నీరంతా అక్కడికే దిగుతుంది. కుట్టిన 24 నుంచి 48 గంటల్లో వాపు బాగా పెరిగి, ఆ తర్వాత దానంతటదే తగ్గడం మొదలెడుతుంది. మీ బాబుకి మూడో రోజుకి తగ్గిందన్నారు కదా, మంత్రం వేయించినా వేయించకపోయినా ఆ రోజుకి తగ్గేదే. కుట్టిన మేర వరకే వాచిన పిల్లలకి మరోసారి కుట్టినా చాలావరకు అలాంటి వాపే వస్తుంది. ప్రాణం మీదికి వచ్చే అవకాశం తక్కువ. ఆ భయం పెట్టుకుని పిల్లవాణ్ణి ఇంట్లో కట్టేయకండి.

సున్నం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. కందిరీగ విషం పులుపు, సున్నం దానికి విరుగుడు అని మన పెద్దల లెక్క. ఆ విషంలో ఉండేవి ఎక్కువగా ప్రోటీన్లు, ముల్లు వాటిని చర్మం లోపలికి దించేస్తుంది. పైన రాసిన సున్నం అక్కడికి చేరదు. పైగా సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర తెల్లబడి చూపే పోవచ్చు. కనుబొమ్మ దగ్గర సున్నం రాశారని చదవగానే నా ఒళ్ళు జలదరించింది. అత్తగారిని నొప్పించకుండా ఈ ఒక్క మాట చెప్పండి: కంటి చుట్టుపక్కల సున్నం వద్దు. ఎప్పుడైనా కంట్లో పడితే రెప్పలు విడదీసి, శుభ్రమైన నీళ్ళు ధారగా పావుగంటకి తగ్గకుండా పోసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కిరోసిన్, బ్యాటరీ మసి, నల్లజీడి రసం కూడా ఇలాంటివే. నల్లజీడి పెట్టిన చోట పొక్కులు లేచి, కుట్టిన గాయం కన్నా పెద్ద గాయంతో వచ్చేవాళ్ళని మేం చూస్తూనే ఉంటాం. పసుపు రాస్తే చేటు లేదు, కాకపోతే ఎరుపు పాకుతోందో లేదో కనబడనివ్వదు.

మరి ఏం చేయాలి? సబ్బుతో కడగండి. తడిగుడ్డో, గుడ్డలో చుట్టిన మంచుముక్కో పది నిమిషాలు అద్ది, కాసేపు తీసి, మళ్ళీ అద్దండి. చేతికో కాలికో కుడితే దాన్ని కాస్త ఎత్తులో ఉంచండి. ఉంగరం, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసేయండి, తర్వాత రావు. తేనెటీగ అయితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, దాని చివర ఉన్న చిన్న తిత్తి ఒక నిమిషం దాకా విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. అందుకని గోటితోనో, కార్డు అంచుతోనో, ఎలా వీలైతే అలా ఆ క్షణంలోనే లాగి పారేయాలి. పట్టుకారు కోసం ఇంట్లోకి పరిగెడితే ఆలస్యమే. కందిరీగకి, కణుజుకి (పెద్ద కందిరీగకి) ముల్లు ఊడదు, అది మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. అక్కణ్ణించి ముందు పక్కకి తప్పుకోవాలి.

ఇవి చేస్తూనే మీ చూపు మాత్రం కుట్టిన చోటు మీద కాకుండా పిల్లవాడి మీద ఉండాలి. నేను ఈ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడం ఈ మాట కోసమే. నోట్లో, గొంతులో కుడితే తప్ప, కుట్టిన చోట వాపు ఎంత భయంకరంగా కనబడినా ప్రాణం తీయదు. ప్రాణం తీసేది కొద్దిమందికి ఒళ్ళంతా ఒక్కసారిగా తిరగబడే అలర్జీ. అది చాలావరకు మొదటి అరగంటలోనే బయటపడుతుంది. కుట్టింది చేతి మీదైతే దద్దుర్లు పొట్ట మీద, వీపు మీద లేస్తాయి. పెదాలు, నాలుక ఉబ్బుతాయి. గొంతు బొంగురు పోతుంది, పిల్లికూతలా ఊపిరి వస్తుంది. వాంతి అవుతుంది, కళ్ళు తిరిగి ముఖం పాలిపోతుంది. ఇందులో ఊపిరి ఆడకపోవడం గానీ, స్పృహ తప్పుతున్నట్టు ఉండటం గానీ కనబడితే ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. లేపి నడిపించకండి.

ఆసుపత్రిలో అప్పుడు ప్రాణం నిలిపే మందు ఎడ్రినలిన్. తొడ కండలోకి ఇచ్చే చిన్న ఇంజక్షన్ అది. ఎవిల్ (అలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) దాని తర్వాతే. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, దారిలో ఏదో ఒక చోట ఎవిల్ పొడిపించుకుని, తగ్గుతుందిలే అని గుమ్మం ముందు కూర్చుని గంట పోగొట్టుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ గంట తిరిగి రాదు. నోట్లో, గొంతులో కుట్టినా, పట్టు లేచి పదుల సంఖ్యలో కుట్టినా మనిషి బాగున్నట్టే కనబడినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఎక్కువ కణుజులు కుట్టినవాళ్ళకి ఒకటి రెండు రోజుల తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులోకి మారి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఇక పాప కాళ్ళు. దీనికి మీరు వాడుతున్న ట్యూబు పేరు రాయలేదు. రాస్తే తగ్గి, మానేస్తే రెట్టింపు అవుతోందంటే అందులో ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని నా అనుమానం. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ ఒకే ట్యూబులో కలిపి అమ్మేవి మన సంతల్లో కూడా దొరుకుతున్నాయి. దురద చప్పున ఆగుతుంది కనక అందరికీ మంచి మందులా అనిపిస్తుంది. చీము పట్టిన పుండు మీద అది రాస్తే పైకి ఎరుపు తగ్గి, అడుగున క్రిములు పెరుగుతాయి. పిల్లల లేత చర్మం పల్చబడిపోతుంది. ఈరోజే ఆపేయండి. ట్యూబు పారేయకుండా వచ్చేటప్పుడు తీసుకురండి, పేరు చూస్తాను.

కొంతమంది పిల్లలకి రెండేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ వరకు దోమ కుట్టినా, నల్లి కుట్టినా, కుక్క మీది గోమారి కుట్టినా పెద్ద దద్దురు లేచి రోజుల తరబడి దురద పెడుతుంది. కొత్తది కుడితే మానిన పాతవి కూడా మళ్ళీ లేస్తాయి. ఇది రక్తం చెడిపోవడం వల్ల వచ్చింది కాదు, వంకాయ మానిపిస్తే పోయేదీ కాదు. ఆ వయసు దాటితే ఒంటికి అలవాటై తగ్గిపోతుంది. అందాకా మనం చేయాల్సింది గోకుడు ఆపడం. గోళ్ళు రెండ్రోజులకోసారి కత్తిరించండి. రాత్రి దురద ఎక్కువైతే సెట్రిజిన్ సిరప్ ఇవ్వచ్చు. నాలుగేళ్ళ పిల్లకి 2.5 మిల్లీగ్రాములు, అంటే 5 మి.లీ.లో 5 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే రెండున్నర మి.లీ. సీసా మీద బలం చూసి కొలవండి, చెంచా లెక్కన పోయకండి. పుండు పడని దద్దుర్ల మీద కేలమైన్ లోషన్ రాయండి.

పుండు పడిన చోట, పైన తేనె రంగు చెక్కు కట్టి ఉంటే, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ దాని మీద వేసి కాసేపు నాననివ్వండి. మెత్తబడ్డాక సబ్బునీళ్ళతో కడిగితే చెక్కు దానంతటదే ఊడి వస్తుంది, గీకక్కర్లేదు. అప్పుడు పలచగా మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంట్ రాయాలి. చెక్కు పైన రాస్తే మందు వృథా. పాప తువ్వాలు వేరుగా పెట్టండి, లేకపోతే బాబుకి కూడా అంటుకుంటుంది. పుళ్ళు ఎక్కువగా ఉన్నా, జ్వరం వచ్చినా, ఎర్రటి చార పైకి పాకుతున్నా తాగే మందు కావాలి, దానికి చూపించాల్సిందే. ఇంకొకటి. చర్మం మీద పుళ్ళు వచ్చిన పిల్లల్లో కొందరికి మూడు నుంచి ఆరు వారాల తర్వాత పొద్దున్నే ముఖం ఉబ్బి, మూత్రం తగ్గి ఎర్రగా వస్తుంది. పుండులోని క్రిమి మీద ఒళ్ళు చేసే పోరాటంలో కిడ్నీలు వాచడం అది. పుళ్ళు మానిపోయాయి కదా అని దాన్ని వేరే జబ్బు అనుకోవద్దు.

ఇదంతా కుట్టిన తర్వాతి మాట. అసలు కుట్టనివ్వకుండా చేసే వస్తువు మీ పెట్టెలోనే ఉంది, దాన్ని ఈ సాయంత్రమే బయటికి తీయండి.

ఆశా దీదీ ఇచ్చేది మామూలు తెర కాదు, దారాల్లోనే దోమల మందు పట్టించిన తెర. కొత్తది కవరు విప్పి వెంటనే కడితే ముఖం, చేతులు చురచురమంటాయి. పిల్లలు ఏడ్చింది అందుకే. కవరు విప్పాక ఒక పగలు, ఒక రాత్రి నీడలో ఆరబెట్టి కడితే ఆ మంట చాలావరకు ఉండదు. ఎండలో వేయకండి, మందు చచ్చిపోతుంది. ఉతికినప్పుడు కూడా మామూలు సబ్బుతో, చల్లటి నీళ్ళలో మెల్లగా ఉతికి నీడలోనే ఆరేయాలి. సోడా, బ్లీచింగ్ తగలకూడదు. ఉతికిన నీళ్ళు వాగులోనో చెరువులోనో పారబోస్తే చేపలు చస్తాయి, దూరంగా మట్టిలో పోయండి. ఇలా చూసుకుంటే ఆ తెర దాదాపు 20 ఉతుకుల వరకు, మూడేళ్ళ దాకా పనిచేస్తుంది. చేపలు పట్టడానికీ, నారుమడి మీద కప్పడానికీ ఈ తెరలు పోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. మన కొండల్లో మలేరియా ఎన్ని ఇళ్ళలో దీపం ఆర్పిందో ముసలివాళ్ళని అడగండి. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ కార్యక్రమం మొదలుపెట్టి, దారి లేని ఊళ్ళకి వెళ్ళి అందరికీ రక్తపరీక్షలు, మందులు, తెరలు ఇస్తూ వచ్చాకే కేసులు బాగా తగ్గాయి.

కట్టడంలో మెలకువ ఉంది. చాలా ఇళ్ళలో నాలుగు తాళ్ళు కట్టి అంచులు నేల మీద వేలాడేస్తారు. దోమ నేల అంచునుంచే దూరుతుంది. చాప ఎత్తి, అరచెయ్యి బోర్లా పెట్టి తెర అంచుని చాప కిందకి జానెడు లోపలికి తోస్తూ చుట్టూ తిరగండి. తలవైపు మొదలెట్టి కాళ్ళవైపు ముగించండి. లోపలికి వెళ్ళాక టార్చి వేసి మూలలు చూడండి, ఒక్క దోమ లోపల ఉన్నా రాత్రంతా విందే. పిల్లలు దొర్లి తెరకి మోకాలు ఆనించి పడుకుంటే బయటి దోమ తెర కన్నంలోంచే కుట్టేస్తుంది, అందుకని కాస్త పెద్ద తెర కట్టండి. మలేరియా దోమలు కుట్టేది రాత్రే. మన కొండ వాగుల్లో నెమ్మదిగా పారే నీళ్ళలోనే అవి పుడతాయి కనక వాగుని మనం ఎండబెట్టలేం. తెరే గతి.

పగలు కుట్టే చారల దోమ వేరు, డెంగీ దానివల్లే వస్తుంది. అది పుట్టేది మన గోలెంలో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి గోలెం ఖాళీ చేస్తే చాలు. అయితే గోడకి కొబ్బరి పీచుతో తోమాలి, గుడ్లు నీళ్ళలో కాకుండా అంచున గోడకే అతుక్కుని ఉంటాయి. నీళ్ళు మార్చి తోమకపోతే మళ్ళీ నింపగానే అవి పొదుగుతాయి.

కాయిల్స్ మూసిన గదిలో వెలిగించకండి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. వేపాకు పొగ కూడా పసిపిల్లల ఊపిరికి పొగే. ఒంటికి రాసే క్రీములు సాయంత్రం వేళ పనికొస్తాయి, పిల్లల అరచేతులకి మాత్రం రాయకండి. కళ్ళలో, నోట్లో పెట్టుకుంటారు.

మీరు అడగలేదు గానీ, నేల మీద పడుకునే ఇంటికి ఇది చెప్పకుండా ఉండలేను. రాత్రి నిద్రలో ఎవరైనా "ఏదో కుట్టింది" అని లేస్తే అది చీమే అని తేల్చేయకండి. కట్లపాము కోరలు చాలా సన్నం. అది కరిచిన చోట నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది. నిద్రమత్తు అనుకుంటే మనిషి దక్కడు. అలా కనబడితే కట్టు కట్టకుండా, కోయకుండా, మనిషిని కదలనివ్వకుండా నేరుగా పెద్దాసుపత్రికి. విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు. చాప కిందకి గట్టిగా దోపిన దోమతెర ఈ పాముని, తేలుని కూడా చాలావరకు ఆపుతుంది.

తేలు కుట్టినప్పుడు పెద్దవాళ్ళకి నొప్పి ఒక్కటే అయితే చల్లటి గుడ్డ, పారాసిటమాల్ సరిపోవచ్చు. పిల్లలకి అలా కాదు, ఏ తేలైనా సరే చూపించాలి. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులు కాళ్ళు మంచుగడ్డల్లా అవడం ఎర్రతేలు విషం గుండె మీద పనిచేస్తోందన్న గుర్తు. మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీనికి ప్రజోసిన్ అనే చవక మాత్ర ఎలా వాడాలో 1980ల్లో చూపించారు. ఆయనకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ మాత్ర త్వరగా పడితే పిల్లలు బతుకుతారు, మంత్రం దగ్గర రెండు గంటలు ఆగితే కష్టం.

కుట్టిన సంగతి మరిచిపోయాక వచ్చే జ్వరం ఇంకో రకం. మలేరియా దోమ కుట్టాక వారం, రెండు వారాలకి జ్వరం వస్తుంది. జ్వరం వచ్చిన రోజే ఆశా దీదీ దగ్గర వేలి రక్తపు చుక్కతో పరీక్ష చేయించండి, పావుగంటలో తేలిపోతుంది. పరీక్షలో లేదని వచ్చి, జ్వరం తగ్గకపోతే పిల్లల బట్టలు విప్పి చంకలు, గజ్జలు, నడుము, చెవి వెనక చూడండి. సిగరెట్ కాల్చి పెట్టినట్టు నల్లటి చెక్కు ఉంటే స్క్రబ్ టైఫస్ కావచ్చు. వానలు వెళ్ళే రోజుల్లో గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టినచోటు అది. నొప్పి ఉండదు కనక ఎవరూ చెప్పరు. డాక్టరుకి ఆ చెక్కు చూపిస్తే సగం రోగం తెలిసిపోయినట్టే, డాక్సీసైక్లిన్‌తో రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. జ్వరం ఏదో తెలిసేవరకు పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్ప్రిన్ ఇవ్వకండి. డెంగీ అయితే రక్తస్రావం అవుతుంది.

మిగతావి క్లుప్తంగా. జెర్రి కుడితే చల్లటి దానికన్నా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు నొప్పి లాగుతాయి, పిల్లలకైతే ముందు మీ చెయ్యి పెట్టి చూడండి. మునగచెట్టు గొంగళి తగిలితే రుద్దకండి, సెల్లోటేపు అతికించి లాగితే నూగు వస్తుంది. గోమారి పట్టుకుంటే కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు, పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి మెల్లగా నేరుగా లాగాలి. వానాకాలం ట్యూబులైటు దగ్గరికి వచ్చే ఎరుపూ నలుపూ సన్న పురుగుని ఒంటి మీద నలపకండి, ఊది ఎగరగొట్టండి. నలిపితే మర్నాటికి గీత గీసినట్టు కాలుతుంది. దాన్ని సర్పి అనుకుని జాజు పూస్తారు, అక్కర్లేదు, సబ్బుతో కడిగితే వారం పది రోజుల్లో పోతుంది.

ఇంట్లో ఉంచుకోవాల్సినవి ఇవే: సబ్బు, పారాసిటమాల్ సిరప్, సెట్రిజిన్ సిరప్, కేలమైన్, మ్యుపిరోసిన్, పట్టుకారు, టార్చి. సిరప్ డబ్బాల మీద ఇద్దరి పిల్లల బరువు రాసిపెట్టండి, పారాసిటమాల్ మోతాదు బరువుని బట్టే, కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన. దోమలకని కర్పూరం, వేపనూనె ఇంట్లో ఉంటే మందుల పక్కన అసలు పెట్టకండి. కర్పూరం బిళ్ళ ఒకటి రెండు మింగినా, పొరపాటున వేపనూనె పట్టించినా చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయి. పాపకి అందని అటక మీద, మూత బిగించి ఉంచండి.